బీరు హాల్లో మాట ముంత

మా తాత అంజనప్ప కాఫీని నమ్మడు. నమ్మి ఉంటే నాకు పదిహేనో ఏటనే పెళ్లయిపోయి ఉండేది.

మా వాళ్లలో పిల్లనిస్తామన్న మాట నోటితో అంటే చాలదు, దాన్ని తాగాలి. పిల్లవాడి తరఫు పెద్ద మట్టిముంతలో కల్లు పోసి రెండు చేతులతో అందిస్తాడు. పిల్ల తరఫు పెద్ద అందుకుని మూడు గుక్కలు మింగుతాడు. మిగిలింది అవతలి పెద్ద తాగుతాడు. ఆపైన పిల్ల కొంగులో వక్కాకు పోస్తే ఆ పిల్ల ఆ ఇంటిది. దీన్ని మాట ముంత అంటాం. మింగాక కాదనడానికి లేదు. ఇష్టం లేనివాడికి మాత్రం ఒక దారి ఉంది. నోట్లో పోసుకున్నది నేలమీద ఊసేయాలి. ఊస్తే సంబంధం వద్దన్నట్టు, ఆ ఇంటిని నలుగురిలో అసహ్యించుకున్నట్టు. తర్వాత ఆ రెండిళ్ల మధ్య మంచినీళ్లు కూడా పుట్టవు.

పుంగనూరు రామప్ప కొడుకు దేవరాజులుకు నన్ను ఇస్తామని అనుకున్న ఏడే మా చిత్తూరు జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. కల్లంగళ్లు మూతపడ్డాయి. మిగతా వాళ్లందరూ ఏం చేశారు? బెల్లంనీళ్లతో కానిచ్చారు. మజ్జిగతో కానిచ్చారు. రామసముద్రంలో ఒక ఇంట్లో కాఫీతో కూడా కానిచ్చి, ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. మా తాత ఒక్కడే ఒప్పుకోలేదు. బెల్లంనీళ్లు తాగి ఇచ్చిన మాట బెల్లంనీళ్ల మాదిరే కారిపోతుందన్నాడు. పోనీ, మా ఊరి పొలిమేర దాటితే మైసూరు సీమ, అక్కడ కల్లు కాలవలై పారుతోంది, రెండు అడుగులు వేసి తాగొద్దామంటే పరాయి నేల మీద మాటివ్వనన్నాడు. పొదల్లో దొంగసారా దొరుకుతుందని ఎవరో చెవిలో చెబితే, దాక్కుని ఇచ్చే మాట మాటే కాదన్నాడు. ఆయన చెప్పింది ప్రతిదీ సబబుగానే ఉండేది. అదే నాకు ఒళ్లు మండే సంగతి.

ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. మా నాయన పోయాడు. మా అమ్మ తాయమ్మకు మామంటే భయం. ఇక మా మేనత్త తిమ్మక్క, తాతకు సొంత కూతురు, ఆమె కథ ఊరందరికీ తెలుసు. ఆమెను కుప్పం వాళ్లకు ఇచ్చే రోజున, తాత మూడు గుక్కలు తాగి ఇచ్చిన ముంతను కుప్పం పెద్దాయన నోట్లో పోసుకుని వెంటనే ఊసేశాడు. ఈగ పడింది, నోట్లో ఆడింది, అందుకే ఊసినానని ఆయన మొత్తుకున్నాడు. మా తాత వినలేదు. ఈగకు ఊసినా, ఏనుగుకు ఊసినా ఊసడం ఊసడమేనన్నాడు. కుప్పం వాళ్లు లేచి వెళ్లిపోయారు. తిమ్మక్క తర్వాత ఏ సంబంధానికీ ఒప్పుకోలేదు. గొర్రెల వెనకే తిరిగి తిరిగి ముప్పై దాటించింది. తండ్రితో అవసరమైనంతే మాట్లాడుతుంది.

నేను అలా కాకూడదని నా పట్టుదల. పైగా నాకు దేవరాజులంటే ఇష్టం, అది దాచుకునే అలవాటు నాకు లేదు. ఏటా గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో వాళ్లు మా దొడ్డికి వచ్చేవాళ్లు. అతను కత్తెర పట్టుకుంటే గొర్రె కాలు కూడా విదిలించేది కాదు, అంత మెత్తని చెయ్యి. నేను మజ్జిగ ఇస్తూ ప్రతిసారీ ఒకటే అడిగేదాన్ని. మీ నాయనకు చెప్పి మా తాతను ఒప్పించకూడదా, బెల్లంనీళ్లతో అయినా కానిద్దామని? అతను నవ్వి, నేను సెప్తాలే నంజమ్మా, అనేవాడు. చెప్పేవాడు కాదు. ఆ నవ్వు చూసి నేను మరో ఏడు ఓర్చుకునేదాన్ని. ఆ ఏళ్లలో నేను ఉన్ని వడికి వడికి ఒక కంబళికి సరిపడా దారం తీసి నేయించాను. నల్లంచు కంబళి. ముంత అయ్యాక పిల్లవాడి భుజం మీద కప్పడానికి.

చివరికి యుద్ధం మధ్యలో సర్కారుకు ఏం బుద్ధి పుట్టిందో, మళ్లీ అంగళ్లు తెరవమంది. నేను ఎగిరి గంతేశాను. కానీ కల్లేదీ? ఈత గీసేవాళ్లంతా కోలారు గనులకు, బెంగుళూరు మిలిటరీ పనులకు వెళ్లిపోయారు. చెట్లు గీతలేక ముళ్లు పెంచుకుని కూర్చున్నాయి. అప్పుడే మదనపల్లెలో బీరు హాలు తెరిచారని కబురొచ్చింది. పుంగనూరు రామప్పే పంపాడు ఆ కబురు. మనిద్దరం ఆడ కలుద్దాం, ముంత కానిద్దాం అన్నాడు. తాత రెండు రోజులు ఆలోచించాడు. వాల్మీకిపురం నుంచి వచ్చిన బడిపంతుల్ని పట్టుకుని బీరంటే ఏమిటని అడిగాడు. గింజలు పులియబెట్టిన నీళ్లన్నాడు ఆయన. పులిసిందయితే కల్లుకు తోబుట్టువే అని తాత తేల్చాడు. నేను ఆ పంతులికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

వక్కాకు నా కొంగులో పడాలి కాబట్టి నేనూ వెళ్లాలి. తెల్లవారుతూనే బొగ్గు బస్సు ఎక్కాం. పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగే బస్సది. ఎత్తు రాగానే అందరం దిగి నడవాలి. తాత మాత్రం దిగలేదు, ఒడిలో మూటను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. అందులో మా ఇంటి ముంత ఉంది, తిమ్మక్క నాటిదే. నా మూటలో కంబళి.

బీరు హాలంటే నేనేదో అనుకున్నాను. బెంగుళూరు రోడ్డులో వేరుశెనక్కాయల మండీ అది. మూటలు ఖాళీ చేసి, నేలకు సిమెంటు పూసి, బల్లలు వేశారు. యజమాని ముద్దుకృష్ణ గల్లా దగ్గర ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. పక్కనే పెద్ద దొడ్డి. దొడ్డి పొడుగునా తిండి అమ్మేవాళ్లు పొయ్యిలు పెట్టుకున్నారు. మిరపకాయ బజ్జీలు, ఉడికించిన శెనక్కాయలు, గుగ్గిళ్లు, పెద్ద పెనం మీద బోటీ, కార్జం. మధ్యాహ్నం కాకముందే జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. లారీ డ్రైవర్లు, కచేరీ గుమాస్తాలు, సెలవు మీద వచ్చిన సిపాయిలు, ఐదేళ్ల దాహం మొహాన రాసుకుని వచ్చిన రైతులు.

గుమ్మం దగ్గర ఘని అనే మనిషి నిలబడి ఉన్నాడు. తాతను రానిచ్చి నాకు చెయ్యి అడ్డం పెట్టాడు. గోడ మీద రెండు బోర్డులున్నాయి. చదవడం వచ్చని చూపించుకోవాలనేమో, వేలు పెట్టి మరీ చదివి వినిపించాడు. ఒకటి, స్త్రీలకు ప్రవేశము లేదు. రెండు, ఇచ్చట ఉమ్మరాదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా ఊరి కల్లంగట్లో ఆడవాళ్లు మగవాళ్ల పక్కన కూర్చుని తాగేవాళ్లు, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. లోపల అయ్యేది నా పెళ్లి మాట అని చెప్పాను. అందరూ ఏదో ఒకటి చెప్తారమ్మా అన్నాడు. తాత వెనక్కి తిరిగి, నువ్వు ఆ పక్కనుండు బిడ్డా, అయినాక పిలుస్తా, అని లోపలికి వెళ్లిపోయాడు. ఐదేళ్లు ఆగినదాన్ని, గోడ బయట కూడా ఆగమన్నారు.

దొడ్డిలో బోటీ వేయించే ఆమె నన్ను చూసి పక్కన చోటిచ్చింది. ఆమె పేరు రహీమున్నీసా. వయసు మా అమ్మంత ఉంటుంది. ఆమె పెనం వెనక గోడలో కిటికీ లాంటి కంత ఉంది, ఒకప్పుడు మూటలు దొర్లించిన కంత. ఇప్పుడు దాంట్లోంచి తిండి పళ్లేలు లోపలికి పోతాయి. నేను కూడా లోపలికి పోను బేటీ, తాగే చోట నాకేం పని, నా గరిటె ఈ గోడ దాటదు, అంది. ఆమెకు వెళ్లే ఇష్టం లేక వెళ్లదు. నాకు ఇష్టం ఉండీ వెళ్లనివ్వరు. ఇద్దరం ఒకే కంతలోంచి చూస్తూ కూర్చున్నాం.

లోపల కంతకు దగ్గర్లోనే తాత ఒక్కడే బల్ల చివర ముంత ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పుంగనూరు వాళ్ల జాడ లేదు. ఆ బల్ల మీద చోటు కోసం నలుగురు వచ్చి తాతను లేవమన్నారు. తాత లేవలేదు. నాకు బయట పొయ్యి సెగ, లోపల తాతను తోసేస్తారేమోనని బెంగ. పొద్దు నడినెత్తికి వచ్చాక రామప్ప తన అన్నదమ్ముల్ని ఇద్దర్ని వెంటబెట్టుకుని తీరిగ్గా వచ్చాడు. వెనక దేవరాజులు, కొత్త పంచెలో. అతన్ని చూడగానే నా విసుగు సగం దిగిపోయిన మాట నిజం.

తర్వాత టోకెన్ల కోసం వరస. ఆ వరస కదలదు. కదిలితే ముందున్నవాడు తన స్నేహితుడికి కూడా తీసుకుంటానని గొడవ. టోకెను దొరికాక సీసా రావడానికి ఇంకో గొడవ. సీసా వచ్చాక, ముంత చూసి ముద్దుకృష్ణ గల్లా దగ్గర్నుంచి లేచాడు. ఇది పెద్దమనుషులు వచ్చే చోటు, మట్టి పిడతలు కుదరవు, గాజు గ్లాసులోనే తాగాలి అన్నాడు. రామప్ప బతిమాలాడు. తాత బతిమాలలేదు, ముంత తీయనూ లేదు. గాజులో మాట నిలవదని ఒకటే పాట. నేను కంతలో తల పెట్టి, ఏదో ఒకదాంట్లో తాగు తాతా, అని అరిచాను. వినపడలేదో, వినపడనట్టున్నాడో. చివరికి చుట్టూ జనం నవ్వడం మొదలుపెట్టేసరికి, గొడవ తెగితే చాలని ముద్దుకృష్ణ సరేనన్నాడు.

ఈ రభస మధ్యలో దేవరాజులు పళ్లెం కోసం కంత దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు, అదే నవ్వు. కంబళి తెచ్చినావా అని అడిగాడు. తెచ్చినా అని మూట చూపించాను. రహీమున్నీసా ఒక కార్జం ముక్క ఎక్కువే వేసి, పిల్లోడు బాగుండాడు అంది నాతో. నాకు కూడా అట్లాగే అనిపించింది.

ముంతలో బీరు పోసేవాడు కల్లు పోసినట్టు ఎత్తు నుంచి పోశాడు. ముంత నిండా నురగే. నురగ పొంగి రామప్ప చేతుల మీద కారింది. తాత వంగి చూసి, అడుగున ఏమీ లేదే అన్నాడు. మళ్లీ పోశారు, మళ్లీ నురగ. రామప్ప ఊది ఊది సర్ది, కళ్లకద్దుకుని, రెండు చేతులతో అందించాడు. తాత అందుకున్నాడు. తల వెనక్కి వంచి పెద్ద గుక్క పోసుకున్నాడు.

తియ్యటి ఈతకల్లు తాగిన నాలుక అది. ఐదేళ్లుగా ఆ తీపినే తలుచుకుంటూ కూర్చున్న నాలుక. చేదు తగిలేసరికి ఏం జరిగిందో ఆయనకే తెలియలేదు. గ్యాసు ముక్కులోకి తన్నింది. కళ్లు పెద్దవయ్యాయి. భళ్లున ఊసేశాడు, ముద్దుకృష్ణ సిమెంటు నేల మీద, రామప్ప కాళ్ల ముందు.

చుట్టుపక్కల బల్లల వాళ్లు ఇటు తిరిగారు. గుమ్మం దగ్గర్నుంచి ఘని, బోర్డు సూడలేదా పెద్దాయనా, అని అరిచాడు.

రామప్ప లేచి నిలబడ్డాడు. తాత దగ్గుతూనే చేతులు ఊపుతున్నాడు. చేదు, చేదుకు ఊసినా, మీ ఇంటికి కాదు, అంటున్నాడు. రామప్ప ముఖం నల్లబడింది. అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"కుప్పమోళ్లు ఊసినపొద్దు నేనూ ఆడనే ఉండా అంజనప్పా. ఈగకు ఊసినా ఏనుగుకు ఊసినా ఊసడం ఊసడమే అంటివి. ఇప్పుడు చేదుకు ఊసినా అంటాండావే, అదెట్లా?"

తాత మాటే తిరిగొచ్చి తాత ఎదుట నిలబడింది. నాకు ఆయన మీద జాలి పుట్టాల్సింది, పుట్టలేదు. కడుపు మండిపోయింది. ఐదేళ్లు నియమాలు, నియమాలు అని నన్ను కూర్చోబెట్టి, తీరా సమయం వచ్చేసరికి ఒక గుక్క నోట్లో నిలుపుకోలేకపోయాడు. వేపకషాయం తాగలేదా జన్మలో? కళ్లు మూసుకుని మింగితే ఏం పోయింది? ఆ మాటలన్నీ నేను కంతలోంచి పైకే అన్నాను. పెనం చప్పుడులో కలిసిపోయాయి.

రామప్ప అన్నదమ్ములు పైగుడ్డలు దులుపుకుని బయల్దేరబోయారు. దేవరాజులు మాత్రం బల్లకూ కంతకూ మధ్య నిలబడి ఉన్నాడు, చేతిలో పళ్లెంతో. నేను కంతలోంచి చెయ్యి చాపి అతని పంచె అంచు పట్టుకున్నాను.

"నువ్వు సెప్పు. మీ నాయనకు నువ్వు సెప్పు. తాత కావాలని ఊసలేదని నీకు తెలుసు గదా."

అతను నా వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు. "పెద్దోళ్లు మాట్లాడతాండారు గదా నంజమ్మా. మధ్యలో నేనెట్లా?"

"నేను సెప్తాలే అంటివి గదా, ఇన్నేండ్లూ."

అతను నవ్వాడు. అదే నవ్వు, ఈసారి కొంచెం వంకరగా. పంచె అంచు మెల్లగా నా చేతిలోంచి విడిపించుకున్నాడు, గొర్రె కాలు విడిపించినంత మెత్తగా. విడిపించుకుని పళ్లెంలో ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు.

ఆ ముక్క ఏమీ పాపం చేయలేదు. కానీ అతను దాన్ని నములుతుంటే చూడటం నా వల్ల కాలేదు. గోడకు చేరగిలబడ్డాను. రహీమున్నీసా నా వైపు చూడకుండా పెనం మీద ముక్కలు తిప్పుతూ ఉండిపోయింది.

లోపల రామప్ప ఆగాడు. సంబంధం పోవడం అతనికీ ఇష్టం లేదనుకుంటాను. పుంగనూరు చుట్టుపక్కల మా అంత మంద ఉన్న ఇల్లు లేదు. కానీ అతని అన్నదమ్ములు చూస్తున్నారు, హాలంతా చూస్తోంది. అందుకని సంధికొక మార్గం చెప్పాడు. తప్పు జరిగింది కాబట్టి తప్పు ఒప్పుకోవాలి. తలగుడ్డ తీసి నా కాళ్ల కాడ పెట్టు అంజనప్పా, మళ్లా ముంత నింపిస్తా, అన్నాడు. రామప్ప కంటే మా తాత పదిహేనేళ్లు పెద్ద.

తాత ఒప్పుకోడనుకున్నాను. ఆ తలగుడ్డ సంగతి నాకు తెలుసు. నేను పుట్టాక ఆయన నలుగురిలో దాన్ని తీయడం చూసింది ఒక్కసారే, మా నాయన పోయిన రోజున. బెల్లంనీళ్లకు ఒప్పుకోని మనిషి, మైసూరు సీమకు ఒప్పుకోని మనిషి, గాజు గ్లాసుకు ఒప్పుకోని మనిషి. దీనికెక్కడ ఒప్పుకుంటాడు? ఇక ఇంటికి పోదామంటాడు, నేను తిమ్మక్కతో పాటు గొర్రెల వెనక నడుస్తాను, అంతేననుకున్నాను.

తాత కంత వైపు తిరిగి నన్ను వెతుక్కున్నాడు. చూపు ఆనని కళ్లు, పొగలో నేను ఎక్కడున్నానో కనిపించిందో లేదో. తర్వాత రెండు చేతులూ పైకెత్తి తలగుడ్డ విప్పడం మొదలుపెట్టాడు.

అది పొడుగాటి గుడ్డ. ఒక్కో చుట్టూ విప్పుతుంటే జనం లేచి నిలబడి చూస్తున్నారు. డ్రైవర్లు, సిపాయిలు, గుమాస్తాలు. ఒకడు నవ్వాడు. కింద ఆయన తల తెల్లగా, చిన్నగా, పసిపిల్లాడి తలలాగా ఉంది. గుడ్డను మడిచి, మోకాళ్ల మీదికి వంగడానికి బల్ల పట్టుకున్నాడు. దేవరాజులు పక్కనే ఉన్నాడు. ఒక చెయ్యి చాపితే చాలు, ముసలాయన్ని వంగకుండా పట్టుకోవచ్చు. నాయనా, ఇంక చాల్లే, అనొచ్చు. ఆ చెయ్యి పళ్లెం పట్టుకునే ఉంది. వేళ్లకు అంటిన మసాలాను పళ్లెం అంచుకు రాస్తోంది.

నేను లేచాను. దొడ్డిలోంచి హాల్లోకి చిన్న తలుపుంది. ఘని పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. ఆ వెనకే రహీమున్నీసా వచ్చింది. ఆమె గరిటె అతని భుజం మీద ఆనించి, పక్కకు జరుగు, లోపల ఆ పిల్ల మనిషి ఉండాడు, అంది. ఘని జరిగాడు. గరిటె వేడిగా ఉందో ఏమో.

నేను వెళ్లేసరికి తాత ఒక మోకాలు మోపాడు. రామప్ప చేతిలో కొత్తగా నింపిన ముంత ఉంది. నేను తాత చేతిలో గుడ్డ లాక్కుని ఆయన భుజం మీద వేశాను. రామప్ప చేతిలోంచి ముంత తీసుకున్నాను. పిల్ల అందుకోవడం మా ఆచారంలో లేదు. వద్దనే ఆచారం కూడా లేదు, ఎవరూ ఇంతవరకు చేయలేదు కాబట్టి. రామప్ప నేను తాగుతాననే అనుకున్నాడు. తాత కూడా అనుకున్నాడు. దేవరాజులు అయితే సంతోషపడ్డాడు, అతని ముఖం వెలిగింది. తన బదులు నేను చేసేస్తున్నానని.

పెద్ద గుక్క పోసుకున్నాను. చల్లగా, చేదుగా, నాలుక మీద చిటపటలాడుతూ. బాగానే ఉంది. మింగాలనిపించింది కూడా. నోట్లో ఉంచుకుని ముందు దేవరాజులు ముఖంలోకి చూశాను, అతనికి అర్థమయ్యేంతసేపు. అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. అప్పుడు ఊశాను, అతని కొత్త పంచె కుచ్చెళ్లు తడిసేలా.

"ఇది చేదుకు ఊసింది కాదు," అన్నాను.

రామప్ప ఏదో అన్నాడు, అన్నదమ్ములు ఏదో అన్నారు. ముద్దుకృష్ణ గల్లా దగ్గర్నుంచి, రెండు బోర్డులు పెట్టిస్తే రెండూ ఈ ఇంటోళ్లే తొక్కినారు, అని అరిచాడు. నేను తాతను లేపి, ముంత మూటలో వేసుకుని, చిన్న తలుపు లోంచే బయటికి తీసుకొచ్చాను. రహీమున్నీసా విస్తరాకులో రొట్టె, బోటీ చుట్టి నా చేతిలో పెట్టింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపూ అప్పుడే వచ్చింది. ఆమె ముందర ఏడ్చేశాను. ఆమె నన్ను ఊరుకోమనలేదు. పెనం మీద ముక్కలు మాడుతున్నా పక్కన నిలబడింది.

సాయంత్రం బస్సు ఎత్తు ఎక్కలేక రెండుసార్లు ఆగింది. గాలి చల్లగా ఉంది. తాత తలగుడ్డ మళ్లీ చుట్టుకోలేదు, భుజం మీదే ఉంది. నా మూట విప్పి కంబళి తీసి ఆయన తల మీదుగా కప్పాను. నల్లంచును వేళ్లతో తడుముకుని, ఇది ఆ అబ్బోడికి గదా, అన్నాడు. నాకు ఆయన మీద కోపం తగ్గలేదు. ఈ రోజుతో మొదలైన కోపం కాదది, ఈ రోజుతో పోదు. అయినా గాలికి జారుతుంటే కంబళిని మళ్లీ మళ్లీ లాగి సర్దుతూనే ఉన్నాను.

రామసముద్రం గుట్టలు కనిపించాక ఆయన కంబళిలోంచి ముఖం బయటపెట్టాడు.

"నంజమ్మా. కుప్పమాయన ముంతలో ఈగ ఉండిన మాట నిజమే."

నేను ఆయన వైపు తిరిగాను.

"నేను సూసినా. తాగేటప్పుడు నా ముక్కు కిందనే ఆడతా ఉండె. వేలు పెట్టి తీస్తే ముంత మైలపడతాదని తీయకుండా ఇచ్చినా. ఆయప్ప ఊసినాక, ఈగ ఉండెనని నేను సెప్పుంటే సరిపోయేది. పట్టుదలకు పోయి సెప్పలేదు."

బస్సులో ఎవరో దగ్గారు. తిమ్మక్క ఎండలో గొర్రెల వెనక నడిచిన నడకంతా కళ్ల ముందు కనిపించింది. అరవాలనిపించింది. కానీ ఆ రోజుకు నా అరుపులన్నీ అయిపోయాయి.

"ఆ మాట నాకు యాల తాతా?" అన్నాను. "సెప్పాల్సిన మనిషి ఇంట్లో ఉండాది."

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. తిమ్మక్క దొడ్డి తడిక దగ్గర నిలబడి గొర్రెల్ని లోపలికి తోలుతోంది. మా ముఖాలు చూసి ఏం జరిగిందో తెలుసుకుంది. నా చేతిలో మూట తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు. తాత చేయి వదిలేసి లోపలికి వెళ్లాను.

వాకిట్లోంచి వెనక్కి చూశాను. తాత కంబళి తీసి మడత పెట్టి చేతుల మీద పట్టుకుని, బోడితలతో తడిక వైపు నడుస్తున్నాడు. తిమ్మక్క ఆఖరి గొర్రెను తోలి తడిక మూసింది. ఆయన వస్తున్నాడని తెలిసి కూడా చాలాసేపు ఇటు తిరగలేదు.